బాలింత మీద విచారణ

ఆమె ఒడిలో ఉన్న చంటిబిడ్డను తీసుకుని వేరే ఇంటికి పంపించారు. తీసుకున్నవాళ్లు దొంగలేమీ కాదు. మసీదు కమిటీ పెద్దలు ముగ్గురు, ఆమె భర్తకు తోడబుట్టిన అక్క ఒకరు. పట్టపగలు, మధ్యాహ్నపు నమాజు ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటున్న సమయంలో, ఫ్యాను తిరుగుతున్న గదిలో కూర్చుని, దేవుడి పేరు చెప్పి మొదలుపెట్టి మరీ ఈ పని చేశారు. ఆమె మీద రుజువైన నేరం ఒక్కటే. అడిగినదానికి నిజం చెప్పింది.

ఆ వీధిలో ఆమెకున్న పేరు పాముచెవుల టీచరమ్మ. పెట్టింది ఆమె శిష్యురాళ్లే. మసీదు మేడ మీద, చెక్క అడ్డుగోడ వెనక ఒక పొడవాటి గది ఉంది. బడి వదిలాక ఆడపిల్లలు అక్కడికి వచ్చి చాపల మీద కూర్చుని పవిత్ర గ్రంథం చదవడం నేర్చుకుంటారు. ఎవరి పాఠం వారిది, అందరూ ఒకేసారి, ఎవరి గొంతు వారు పెంచి. కొత్తగా మెట్లెక్కి వచ్చినవాళ్లకు అది వాన కురుస్తున్న రేకుల షెడ్డులా ఉంటుంది. ఆమెకు మాత్రం ప్రతి గొంతూ విడివిడిగా వినబడేది.

"వెనక వరస, కిటికీ పక్కన. గొంతు అడుగునుంచి రావాల్సిన అక్షరాన్ని పెదాల మీదికి తెచ్చి పారేశావు. మళ్లీ."

"టీచర్, మీరు ఇటు చూడనే లేదు కదా!"

"చూడ్డానికి నీ గొంతేమన్నా బొమ్మా? మళ్లీ."

టీచర్ ముందు మనసులో కూడా తిట్టుకోవద్దని, అదీ వినబడుతుందని పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పి భయపెట్టేవారు. ఆ మాటా ఆమె చెవిన పడింది. "ఏ అక్షరం తప్పు పలికి తిట్టుకున్నావో చెప్పనా?" అంటే గది మొత్తం పొట్టలు పట్టుకుని నవ్వింది. తొమ్మిదో నెల దాకా ఆమె ఆ మెట్లు ఎక్కింది. చివరి వారాల్లో మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని ఎక్కింది. ఆమె జీవితంలో తనదని చెప్పుకోదగ్గ గది అదొక్కటే.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టుల్లోంచి మనుషుల్ని బయటికి తీయడం అతని ఉద్యోగం. నెమ్మదస్తుడు, నోట్లోంచి గట్టిమాట రాదు. అతన్ని చిన్నప్పటినుంచి ఎత్తుకుని పెంచింది అక్కే. ఆమె మాట జవదాటడం అతనికి అలవాటు లేదు.

కాన్పయింది. ఆడపిల్ల. సుఖప్రసవం అని అందరూ అన్నారు. ఎవరికి సుఖమో ఎవరూ అడగలేదు. తండ్రి బిడ్డను చేతుల్లోకి తీసుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, నమాజుకు పిలిచే అజాన్ పలికాడు. అది చూసి ఆస్పత్రి ఆయాకు కూడా కళ్లు చెమర్చాయి. మంచం మీద ఉన్న టీచరమ్మకు మాత్రం ఏమీ కాలేదు. ఇదంతా గాజు తలుపుకు అవతల, తనకు సంబంధం లేని కుటుంబంలో జరుగుతున్నట్టు చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి వచ్చాకా అంతే. బిడ్డ ఏడ్చేది. ఏడుపు వినబడేది. అంతమంది పిల్లల గొంతుల్లో ఒక్క అక్షరం తేడాను పట్టుకునే ఆ చెవులకు, ఆ ఏడుపు ఆకలిదో నొప్పిదో తెలిసేది కాదు. లేవాలని తోచేది కాదు. అయినా లేచేది. పాలిచ్చేది, గుడ్డ మార్చేది, స్నానం చేయించేది. బిడ్డకు ఒక్క పూట పాలు తప్పలేదు, ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. ఈ సంగతి ఇక్కడ నమోదు కావాలి. ఎందుకంటే తర్వాత జరిగిన విచారణలో దీన్ని అడిగిన నాథుడు లేడు.

సాయానికి భర్త అక్క వచ్చింది. నలుగురు పిల్లల్ని కని పెంచి పెళ్లిళ్లు చేసిన మనిషి. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది. వచ్చిన పూటే ఇంట్లో ఉన్న ప్రతి గుడ్డా ఉతికి ఆరేసింది. ఆమెలో మంచితనం లేదని ఎవరూ అనలేరు. ఆ మంచితనానికి ఎదురు చెప్పగలిగినవాళ్లే ఆ ఇంట్లో ఎవరూ లేరు.

"ఏమ్మా మరదలా, బిడ్డను ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తావేం? గోడ మీద సినిమా ఏమన్నా ఆడుతోందా?"

"లేదు వదినా."

"మరి కాస్త నవ్వు. తల్లి నవ్వకపోతే బిడ్డకు నవ్వడం ఎవరు నేర్పుతారు?"

"రావడం లేదు వదినా."

"రాకపోవడానికి నవ్వేమన్నా బస్సా?"

వదిన తన జోకుకు తానే నవ్వింది. మరదలు నవ్వలేదు. ఎవరికో చెబుతున్నట్టు కాకుండా, చదివి వినిపిస్తున్నట్టు అంది. "దీన్ని చూస్తే నాకేమీ అనిపించడం లేదు వదినా. పక్కింటివాళ్ల పిల్లను చూసినట్టు ఉంది. కాన్పులోనే నేను పోయి ఉంటే బాగుండేదనిపిస్తోంది."

వదిన చేతిలో పిండుతున్న గుడ్డ అలాగే ఆగిపోయింది. "తౌబా, తౌబా! ఏం మాటలవి? దేవుడు బంగారంలాంటి పిల్లనిస్తే ఇదా నువ్వు చెప్పే కృతజ్ఞత? నమాజు లేక గుండె తుప్పు పట్టిపోయింది నీకు."

"అయితే చదువుకుంటాను వదినా. నాకు మైల ఆగిపోయి కొన్నాళ్లయింది. స్నానం చేసి నిలబడతాను."

"నలభై నిండకుండా నమాజు చాప ముట్టుకుంటావా? మా అత్తగారు నన్ను ఆ గదిలోకే రానివ్వలేదు. నిండనీ."

ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. నమాజు చదవనందుకే నీకు దిగులు. నమాజు చదవడానికి వీల్లేదు. చెయ్యొద్దన్న పనిని చెయ్యలేదని ఒక మనిషిని దోషిగా నిలబెట్టే న్యాయం ఏ గ్రంథంలోని ఏ పుటలో ఉందో చూపించమనండి. ధర్మం చెప్పింది వేరు. ప్రసవించిన స్త్రీకి నమాజు నుంచి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపుకు నలభై రోజులు పై హద్దు. అంతకంటే ముందే రక్తం ఆగితే, స్నానం చేసి నిలబడడం ఆమె హక్కు, ఆమె బాధ్యత కూడా. రక్తం ఆగని రోజుల్లోనూ దువా చేసుకోవడానికి, దేవుణ్ణి తలుచుకుని ఏడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలసిన ఒంటికి దయతలచి ఇచ్చిన సెలవు అది. ఆ సెలవును సంకెలగా మార్చినవాళ్లే, సెలవులో ఉన్నందుకు ఆమె మీద నేరం మోపారు. ఇదంతా వాదించి చెప్పగలిగిన మనిషే టీచరమ్మ. కానీ వాదనకు ఓపిక ఉండాలి. ఆమెకు జుట్టు దువ్వుకునే ఓపిక లేదు.

కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు కాన్పు చేసిన డాక్టరమ్మ ఆమె మొహం చూసి, కుట్ల సంగతి తర్వాత చూద్దామని కుర్చీ దగ్గరికి లాక్కుంది. నిద్ర పడుతోందా అని అడిగింది, ఏడుపు వస్తోందా అని అడిగింది, చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడిగింది. అన్నీ విని, "ఇది జబ్బమ్మా. కాన్పయ్యాక చాలామందికి వస్తుంది. బీపీలాగా, రక్తహీనతలాగా. నీ తప్పు ఇసుమంత లేదు" అని, అదే ఆస్పత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన మాత్రలు రాశాడు. పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చనీ, పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మధ్యలో ఆపకూడదనీ రెండుసార్లు చెప్పాడు.

నీ తప్పు లేదు అన్న మాటను టీచరమ్మ దారి పొడవునా మనసులో అనుకుంటూనే వచ్చింది. ఇంటికొచ్చి మాత్ర వేసుకుంది.

వదిన ఆ మాత్రల అట్టను అల్మారాలో చూసింది. "పిచ్చిమాత్రలా? మా ఇంటి కోడలికి పిచ్చిమాత్రలా?" అని, వంటింటి సింకు దగ్గర నిలబడి, ఒక్కో మాత్రనూ బొటనవేలితో అట్టలోంచి నొక్కి నీళ్లలో వదిలేసింది. ఖాళీ అట్టను మడిచి చెత్తబుట్టలో పడేసింది. అల్మారాలో అదే చోట ఒక సీసా పెట్టింది. దువాలు చదివి ఊదిన నీళ్లు. ఆ నీళ్ల మీద ఎవరికీ అభ్యంతరం లేదు. నమ్మకంతో తాగే గుక్కెడు నీళ్లు ఎవరికీ చెడు చెయ్యవు. మాత్రలను పారబోసి వాటి చోట పెట్టిన సీసా మీదే అభ్యంతరం.

సాయంత్రం భర్త రాగానే ఆమె చెప్పింది. "ఏవండీ, వదిన నా మందులు పారబోసింది."

అతను చేతులకంటిన గ్రీజును గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. "అక్క పెద్దది. కాదంటే బాధపడుతుంది. కొన్నాళ్లు ఓపిక పట్టరాదూ?"

"ఆ ఓపిక లేకే కదండీ డాక్టరు దగ్గరికి వెళ్లింది?"

అతను చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. అప్పటికే అవి శుభ్రంగా ఉన్నాయి.

ఇంట్లో అన్న మాట ఇంట్లో ఆగలేదు. వదిన బాధకొద్దీ మసీదు కమిటీ ప్రెసిడెంటు గారి భార్యకు చెప్పింది, ఆవిడ బాధ్యతకొద్దీ ప్రెసిడెంటు గారికి చెప్పింది. ఆయనకు టైల్స్ కొట్టు ఉంది. మసీదు నేల మీద పరిచిన పాలరాతి పలకలు ఆయన ఇచ్చినవే. ఆ నేల మీద నడిచేవాళ్లందరి మంచిచెడ్డలూ తన చేతిలోనే ఉన్నాయని ఆయనకు ఎప్పుడో నమ్మకం కుదిరింది. చావు కోరుకున్న మనిషి పిల్లలకు గ్రంథం ఎలా నేర్పుతుందన్నది ఆయన లేవనెత్తిన ప్రశ్న. ఇంటికి మనిషిని పంపి పిలిపించారు.

కమిటీ గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఇనుప బీరువా, నమాజు వేళలు చూపించే గడియారాల బోర్డు. ప్రెసిడెంటు, పదవీ విరమణ చేసిన గుమాస్తా అయిన సెక్రటరీ, ఇమాం గారు కుర్చీల్లో కూర్చున్నారు. బిడ్డను ఒళ్లో పెట్టుకున్న బాలింతను గుమ్మం దగ్గర చాప మీద కూర్చోమన్నారు. వదిన పక్కన కూర్చుంది. భర్త గడప బయట, చెప్పుల గూళ్ల దగ్గర, భార్య చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు.

"అమ్మా, నువ్వు మా ఇంటి ఆడబిడ్డలాంటిదానివి" అని ప్రెసిడెంటు మొదలుపెట్టాడు. "కాన్పులోనే పోయి ఉంటే బాగుండేదని అన్నావా, లేదా?"

"అన్నానండీ."

"అంటే దేవుడిచ్చినదాన్ని వద్దన్నట్టే కదా?"

"వద్దనలేదండీ. నాకు ఒంట్లో బాగాలేదు. డాక్టరు జబ్బని చెప్పారు."

సెక్రటరీ కళ్లజోడు సర్దుకున్నాడు. "పాముచెవులంటారు కదమ్మా నిన్ను? ఎవరి పిల్లలో పలికే అక్షరం వినబడుతుంది గానీ, కన్నబిడ్డ ఏడుపు వినబడదా?" తన మాట బాగా తగిలిందా లేదా అని ప్రెసిడెంటు వైపు చూశాడు. ప్రెసిడెంటు మెచ్చుకోలుగా తలూపాడు.

ఆమె ఇమాం గారి వైపు తిరిగి మాట్లాడింది. తను చెప్పబోయేది ఆ గదిలో ఆయనకు తెలుసని ఆమెకు తెలుసు.

"ప్రవక్త ఈసాను కన్న తల్లి కూడా నొప్పుల్లో ఇదే కోరుకుందండీ. ఇంతకుముందే పోయి ఉంటే బాగుండేది, లోకం నన్ను మరచిపోయి ఉంటే బాగుండేదని. ఆమె ఈమాను, ఆమె విశ్వాసం, బలహీనమైందని దేవుడు అనలేదండీ. దిగులు పడొద్దని ఓదార్చాడు. కాళ్ల దగ్గర నీళ్లు చూపించాడు, తినడానికి పండ్లు ఇచ్చాడు. ఎవరైనా నిలదీస్తే జవాబు చెప్పక్కర్లేదని కూడా చెప్పాడు. నేను మాత్రం మీకు జవాబు చెబుతున్నాను."

ఇలాంటి కథల్లో ఇక్కడ పెద్దలు సిగ్గుతో తల దించుకోవాలి. ఆ గదిలో అలాంటిదేమీ జరగలేదు. ప్రెసిడెంటు మొహం ఎర్రబడింది.

"ఆ తల్లితో నిన్ను నువ్వు పోల్చుకుంటున్నావా? ఆ పవిత్రురాలితోనా? చూశారా ఇమాం గారూ, ఎంత దూరం పోయిందో వ్యవహారం!"

అందరూ ఇమాం గారి వైపు చూశారు. ఆయనకు ఆ తల్లి కథ చెప్పే అధ్యాయం మొదటినుంచి చివరిదాకా కంఠతా వచ్చు. ప్రతి జబ్బుకూ మందు ఉందని, వైద్యం చేయించుకోమని ప్రవక్త చెప్పిన మాట ఆయన ఎన్ని ప్రసంగాల్లో చెప్పారో. నలభై రోజులు పై హద్దేనని పుస్తకం తెరవకుండా చెప్పగలరు. ఆయన వేళ్ల మధ్య జపమాల పూసలు రెండు కదిలాయి. "విషయం సున్నితమైనది" అన్నారు. ఇంకేమీ అనలేదు.

తెలియని ప్రెసిడెంటు మాట్లాడాడు. తెలిసిన ఇమాం ఊరుకున్నారు. ఈ రెండింటిలో ఏది పెద్ద తప్పో తేల్చడానికి ఆ గదిలో న్యాయమూర్తి లేడు. అయినా తీర్పు మాత్రం వచ్చింది. తల్లి మనసు కుదుటపడేదాకా బిడ్డ మేనత్త ఇంట్లో ఉండాలి. పైగదిలో పాఠాలు ఆపాలి. మాత్రలు మానాలి. వచ్చే శుక్రవారం ఆడవాళ్లందరి ముందు నిలబడి, తాను అన్నది షైతాను నోట పలికించిన మాటేనని ఒప్పుకుని, తౌబా చెప్పి దేవుణ్ణి క్షమాపణ అడగాలి. చెబితే బిడ్డ తిరిగి వస్తుంది.

"ఇది శిక్ష కాదమ్మా" అన్నాడు ప్రెసిడెంటు. "నీ మేలు కోసమే."

కన్నతల్లినుంచి చంటిబిడ్డను వేరు చేసే అధికారం ఆ కమిటీకి ఏ చట్టమూ ఇవ్వలేదు. వాళ్లు పొద్దున లేస్తే పేరు చెప్పుకునే షరియతు కూడా ఇవ్వలేదు. చంటిబిడ్డను పెంచే మొదటి హక్కు తల్లిదేనని అది చెబుతుంది. ఆ హక్కు పోవాలంటే బిడ్డకు హాని జరగాలి, ఆ హాని రుజువు కావాలి. ఇక్కడ హాని చేసిందన్న ఆరోపణ లేదు, సాక్ష్యం లేదు, బిడ్డ ఒంటి మీద గీత లేదు. వదిన లేచి బిడ్డను ఎత్తుకుంది. చుట్టిన గుడ్డ అంచు తల్లి వేళ్ల మధ్య ఉండిపోయింది. దాన్ని వదిన మెల్లగా, ముల్లు తీసినంత జాగ్రత్తగా విడిపించి తీసుకుపోయింది.

ఇంటికొచ్చాక ఆమెకు పాలు సలిపాయి. రవిక ముందుభాగం తడిసి అట్టకట్టింది. పాలు పిండి సీసాలో పోసి ఇస్తే భర్త బండి మీద అక్క ఇంటికి పట్టుకుపోయాడు, అలాగే వెనక్కి తెచ్చాడు. "మందులు పడ్డ ఒంట్లో పాలు వద్దంది అక్క. డబ్బాపాలు పడుతోంది." ఆమె ఆ పాలను సింకులో పోసింది.

"శుక్రవారం చెప్పేస్తానండీ" అంది. "షైతాను పలికించాడనే చెబుతాను. నామీద నేనే అబద్ధం చెబుతాను. బిడ్డనిచ్చేస్తారు కదా?"

"ఇస్తారు" అన్నాడు భర్త.

"దాన్ని చూస్తే ప్రేమ వస్తుందో రాదో నాకు ఇప్పటికీ తెలియదండీ. రొమ్ములు మాత్రం పగిలిపోతున్నాయి."

మర్నాడు పొద్దున తలుపు తట్టింది తెల్లగుడ్డ పెద్దమ్మ. ఆ మసీదు పరిధిలో ఏ ఆడమనిషి పోయినా, శవానికి స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టేది ఆమే. అందుకే పిలవకుండా ఆమె ఎవరి గుమ్మంలోనూ కనబడకూడదని జనం కోరుకుంటారు. భర్త తలుపు తీసి కొయ్యబారిపోయాడు.

"ఏం రా, అలా చూస్తావ్? కంగారు పడకు, ఇవాళ ఎవరూ పోలేదు. నాకూ సెలవులుంటాయి."

లోపలికి వచ్చి బాలింత పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. దువ్వెన తీసుకుని, చిక్కులు పడిన జుట్టును చివర్లనుంచి పైకి, నొప్పి తెలియకుండా దువ్వి జడ వేసింది. "బతికున్న తల దువ్వి ఎన్నాళ్లయిందో. చచ్చినవాళ్లు ఇంత కదలరమ్మా, నీతో కష్టంగా ఉంది" అంది. టీచరమ్మ పెదాల చివర ఏదో కదిలింది. నవ్వని చెప్పలేం గానీ, కదిలింది.

తర్వాత పెద్దమ్మ మెట్ల మీదికి వచ్చి కూర్చుని, భర్తను కింది మెట్టు మీద కూర్చోమంది.

"మూలింటి కోడలు గుర్తుందా నీకు? నీళ్ల సంపులో పడిపోయింది."

"కాలు జారింది కదా పెద్దమ్మా."

"కమిటీ అలాగే అంది. నీ పెళ్లాం అన్న మాటలే ఆ పిల్లా అంది. ఆమెకూ నీళ్లు ఊది పట్టారు. ఆమెకూ ఈమాను బలహీనమైందన్నారు. ఆ రోజు బిడ్డకు కడుపునిండా పాలు పట్టి, పడుకోబెట్టి, దొర్లిపోకుండా చుట్టూ దిండ్లు పెట్టి, తలుపు దగ్గరకు వేసి వెళ్లింది. కాలు జారేవాళ్లు ఇన్ని సర్దుకుని వెళ్తారా?" పెద్దమ్మ తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంది. "నేనే కడిగాను. అప్పటికీ ఆ రొమ్ముల్లో పాలున్నాయి రా. ఈ చేతులకు తగిలాయి."

అతను తల తిప్పి, భార్య ఉన్న గది వైపు చూశాడు.

"నీ లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే ఏం చేస్తావ్? బయట నిలబడి దువా చదువుతావా, తాళంచెవి తీసుకుని పరుగెడతావా?"

"రెండూ చేస్తాను పెద్దమ్మా."

"మరి పెళ్లాం దగ్గర ఒక్కటే చేస్తున్నావేం?"

అతను లేచాడు. "నీ పెళ్లాన్ని కడగడానికి నన్ను పిలిపించకు" అని ఆమె అన్నది అతని వీపుకే తగిలింది.

అక్క ఇంట్లో ముందుగదిలో బిడ్డ మేనత్త ఒళ్లో డబ్బాపాలు తాగుతోంది.

"అక్కా, బిడ్డనివ్వు."

"శుక్రవారం అవనీ."

"ఆగను."

ఆమె అతన్ని తేరిపారచూసింది. పుట్టాక మొదటిసారి తమ్ముడు తనతో ఆ మాట అన్నాడు. "కమిటీకి ఏం చెబుతావ్?"

"లిఫ్టు ఆగిపోతే వాళ్లు నన్నే పిలుస్తారక్కా. నా ఇంటికి నేను వాళ్లను పిలవక్కర్లేదు."

"నేను పరాయిదాన్నా? నలుగుర్ని కన్నాను. నాకు తెలియదా?"

"నలుగుర్ని కన్నావు. అప్పుడెప్పుడూ నీకిలా కాలేదా?"

ఆమె చెయ్యి బిడ్డ వీపు మీద ఆగిపోయింది. "అయింది. రెండోవాడప్పుడు. బాత్రూంలో నీళ్లు వదిలి ఏడ్చేదాన్ని, చప్పుడు వినబడకుండా. అత్తగారు పసిగట్టి నోరు మూసుకోమంది. మూసుకున్నాను. బతకలేదా నేను?"

"బతికావు. నీ నోరు మూయించినవాళ్ల తరఫున ఇప్పుడు నువ్వు నీ మరదలి నోరు మూయిస్తున్నావు."

అక్క కొట్టలేదు, తిట్టలేదు. బిడ్డ మూతి తుడిచి, గుడ్డ సరిగ్గా చుట్టి, తమ్ముడి చేతుల్లో పెట్టింది. "మెడ జాగ్రత్త" అంది. ఆమె మారిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. బిడ్డనైతే ఇచ్చింది.

బిడ్డ తిరిగి ఒళ్లోకి వస్తే తల్లి గుండె ఒక్కసారిగా పొంగిందని రాయడం తేలిక. అది అబద్ధం. టీచరమ్మ బిడ్డను తీసుకుని పాలిచ్చింది. అంతే. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లి మళ్లీ మాత్రలు రాయించుకున్నారు. ఇంటికొచ్చి ఆమె స్నానం చేసి, చాప పరిచి, నలభై నిండకుండానే నమాజుకు నిలబడింది. సజ్దాలో నుదురు నేలకు ఆనించి చాలాసేపు ఉండిపోయింది. లేచి, చాప మడిచి, మాత్ర వేసుకుంది. నమాజుకూ మాత్రకూ ఆ ఇంట్లో తగువు రాలేదు. ఆ తగువు పెట్టింది మనుషులు. కొన్ని వారాలకు నిద్ర పట్టింది. ఆ తర్వాత ఒక పొద్దున, వంట చేస్తూ, ఏడుస్తున్న బిడ్డతో "వస్తున్నానే, ఆకలికి అంత రాగం తియ్యాలా?" అనడం భర్త విన్నాడు. అన్నానన్న సంగతి కూడా ఆమెకు తెలియదు.

తీర్పులో చెప్పిన శుక్రవారం ఆమె తౌబా చెప్పడానికి వెళ్లలేదు. కమిటీ ఊరుకోలేదు. ఆ రోజు ప్రసంగంలో ఇమాం గారు, పేరు చెప్పకుండా, కృతజ్ఞత మరచిన తల్లుల గురించి మాట్లాడారు. మైకు మేడ మీదికీ వీధిలోకీ వినబడుతుంది. పేరు చెప్పకపోయినా ప్రతి ఇంట్లో పేరు పలికారు. మేడ మీది గదికి తాళం వేశారు. ఎవరో మెట్లెక్కి వచ్చి అడిగితే, కొత్త టీచరు వస్తుందన్నారు. ఈమాను గట్టిగా ఉన్న టీచరట.

ప్రెసిడెంటు గారూ, సెక్రటరీ గారూ, ఆ గది తాళం తియ్యండి. తీసి, ఆమెను వెనక్కి పిలవండి. దయతలచి పిలుస్తున్నట్టు కాదు, లేని అధికారంతో ఇచ్చిన తీర్పును రద్దు చేస్తున్నామని చెప్పి పిలవండి. ఇకమీదట ఏ తల్లి ఒళ్లోంచీ బిడ్డను తీసుకోబోమని, ఏ ఇంటి అల్మారాలోని మందుల జోలికీ పోబోమని రాసి నోటీసు బోర్డు మీద అంటించండి. మూలింటి కోడలి విషయంలో కాలు జారిందని చెప్పడం ఇవాళ్టినుంచి ఆపండి. ఆమె బిడ్డ ఇప్పుడు మీ మసీదు ముందునుంచే బడికి వెళుతోంది. ఏదో ఒక రోజు ఆ బిడ్డ అడుగుతుంది.

ఇమాం గారూ, మిమ్మల్ని విడిగా అడగాలి, ఎందుకంటే మీకు తెలుసు. నమాజు నడిపిస్తున్నప్పుడు వెనక పసిబిడ్డ ఏడుపు వినబడితే, ఆ తల్లి మనసు కలత పడుతుందని ప్రవక్త నమాజునే కుదించేవారు. అదీ మీకు తెలుసు. వచ్చే శుక్రవారం అదే మైకు ముందు నిలబడి, కాన్పు తర్వాత వచ్చే దిగులు జబ్బని, దానికి వైద్యం ధర్మసమ్మతమని, నలభై రోజుల మినహాయింపు దయే తప్ప నింద కాదని చెప్పండి. ఆ రోజు కమిటీ గదిలో ఇదంతా తెలిసి మీరు ఎందుకు ఊరుకున్నారో కూడా చెప్పండి. ఈసారి పేర్లతో చెప్పండి.